పక్కింటావిడ కవరు ఎందుకు తిరిగిచ్చేశారు?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. మా ఆరేళ్ల పాప బడి నుంచి వచ్చాక మేము ఇల్లు చేరేదాకా, నాలుగు నెలలపాటు మా పక్కింటావిడే చూసుకున్నారు. మేము అడగలేదు, మా ఇబ్బంది చూసి ఆవిడే ‘నా దగ్గర ఉంచండి’ అన్నారు. ఊరికే చేయించుకుంటే బాగుండదని, డే కేర్‌లో ఎంత తీసుకుంటారో కనుక్కుని, నాలుగు నెలలకు లెక్క కట్టి, ఆ డబ్బు కవరులో పెట్టి ఇచ్చాను. ఏమీ అనకుండా తీసుకున్నారు. గంట తిరక్కుండా వచ్చి కవరు మా టేబుల్ మీద పెట్టేసి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఎదురుపడితే నవ్వుతున్నారు గానీ మునుపటిలా మాటల్లేవు. పాప వెళ్తే ‘ఇంట్లో వెతుకుతారేమో’ అని పంపేస్తున్నారట. మా బావగారేమో ‘పూర్వం మనుషులు అన్నీ ప్రేమతో ఇచ్చిపుచ్చుకునేవాళ్లు, ఈ మార్కెట్ వచ్చాకే ప్రతిదానికీ రేటు కట్టడం మొదలైంది, నువ్వూ అదే పని చేశావు’ అంటున్నారు. నిజమేనా? ఇప్పుడు నేనేం చేయాలి?

సమాధానం: మీ బావగారి మాటలో సగం నిజం ఉంది. మీరు రేటు కట్టారు, ఆవిడ నొచ్చుకున్నారు. మిగతా సగం, అంటే పూర్వం అంతా ప్రేమేననీ మార్కెట్ వచ్చి దాన్ని పాడుచేసిందనీ చెప్పే కథ, వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. పైగా దాన్ని నమ్మితే మీకే చిక్కు. మీలో ప్రేమ తక్కువైందనుకుంటారు, అది నిరూపించుకోవడానికి ఈసారి ఇంకా పెద్ద కవరు పట్టుకెళ్తారు. అందుకే ముందు ఆ కథ సంగతి చూద్దాం.

న్యూగినీకి తూర్పున పసిఫిక్‌లో ట్రోబ్రియాండ్ దీవులున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రొనిస్లావ్ మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త అక్కడి ఊళ్లో గుడారం వేసుకుని ఉండి, చూసినదంతా 1922లో పుస్తకంగా వేశాడు. ఆయన్ని అన్నిటికన్నా ఎక్కువగా ఆకర్షించింది ‘కూలా’ అనే ఇచ్చిపుచ్చుకోవడం. ఎర్రటి గుల్ల బిళ్లలతో గుచ్చిన హారాలు దీవి నుంచి దీవికి గడియారం ముల్లు తిరిగే దిక్కున సాగుతుంటాయి. తెల్లటి గుల్లతో చేసిన దండకడియాలు దానికి ఎదురు దిక్కున తిరుగుతుంటాయి. వీటికోసం మగవాళ్లు పడవలేసుకుని ప్రాణాలకు తెగించి సముద్రం దాటుతారు. తీరా చేతికొచ్చిన వస్తువును దాచుకోవడానికి లేదు. ఏడాదో రెండేళ్లో ఉంచుకుని ఇంకొకరికి ఇచ్చేయాలి. దండకడియాల్లో చాలావాటిలో పెద్దవాళ్ల చెయ్యే పట్టదు, అయినా వాటికోసం అంత తాపత్రయం.

ఇచ్చే తీరు చూస్తే మీకు నవ్వొస్తుంది. ఇచ్చేవాడు శంఖం ఊదించి, అట్టహాసంగా వచ్చి, తీరా ఆ హారాన్ని ‘ఏదో నా దగ్గర మిగిలింది, తీసుకో’ అన్నట్టు మొహం మాడ్చుకుని అవతలివాడి ముందు పడేస్తాడు. పుచ్చుకునేవాడు కూడా దానివైపు చూసీ చూడనట్టు ఉంటాడు. ఇద్దరికీ లోపల ఆత్రమే, పైకి మాత్రం ఆ నాటకం తప్పదు. పుచ్చుకున్న వస్తువుకి బదులుగా ఎప్పుడివ్వాలో, ఎంత ఇవ్వాలో పుచ్చుకున్నవాడే తేల్చుకోవాలి. అడిగి రాబట్టడం, బేరమాడడం మర్యాద కాదు. సమానమైన వస్తువు ఇంకా దొరకలేదంటే, ఈలోగా చిన్నది ఒకటిచ్చి మాట నిలుపుకోవచ్చు. తక్కువిచ్చాడని చాటున తిట్టుకోవచ్చు, పోట్లాడుకోవచ్చు కూడా. బేరం మాత్రం లేదు.

మీ బావగారికి చెప్పవలసింది ఇక్కడుంది. అదే ప్రయాణంలో, అదే ఒడ్డున, అదే జనం నిత్యావసర వస్తువుల్ని గట్టిగా బేరమాడి మార్చుకునేవాళ్లు. దానికి ‘గిమ్‌వాలి’ అని వేరే పేరు. ఎవరితోనైనా ఆడొచ్చు గానీ, తన కూలా భాగస్వామితో మాత్రం ఆడకూడదు. ‘వాడు కూలాని గిమ్‌వాలిలా చేస్తాడు’ అంటే అక్కడ పెద్ద తిట్టు. అంటే బేరం ఎలా ఉంటుందో వాళ్లకి బాగా తెలుసు. రెండిటినీ పక్కపక్కనే పెట్టుకుని, ఏది ఎవరితో చేయాలో గీత గీసుకున్నారు. మార్కెట్ బయటి నుంచి వచ్చి చెడగొట్టింది ఇందులో ఏమీ లేదు.

ఫ్రాన్స్‌లో మార్సెల్ మోస్ అనే సామాజికశాస్త్రవేత్త 1925లో ఇలాంటి వివరాలెన్నో ఒకచోట చేర్చి, కానుకలో మూడు బాధ్యతలు ఉంటాయన్నాడు: ఇవ్వాలి, ఇస్తే పుచ్చుకోవాలి, పుచ్చుకుంటే తిరిగివ్వాలి. పైకి ఇష్టపూర్వకంగా కనిపించినా, ఇందులో ఏ ఒక్కటి మానినా పరువు పోతుంది, ఒక్కోసారి యుద్ధానికీ దారి తీస్తుంది. ఇక ‘ఏమీ ఆశించకుండా ఇచ్చేవాళ్లు’ అనడానికి చోటెక్కడుంది?

మరి కానుకకీ వ్యాపారానికీ తేడా ఏమిటంటే, నా ఉద్దేశంలో అది ప్రేమకీ స్వార్థానికీ మధ్య ఉన్న తేడా కాదు. లెక్క ఎప్పుడు ముగుస్తుందన్నదే తేడా. కొనడం, అమ్మడం ఆ పూటే ముగిసిపోవడానికి తయారైన పద్ధతి. డబ్బిచ్చాం, వస్తువు తీసుకున్నాం, మళ్లీ ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. దీనికి పరాకాష్ఠ లాంటి సంగతి ఒకటి గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. ఉత్తర ఆఫ్రికాలోని ప్రాచీన నగరం కార్తేజ్ వర్తకులు ఆ ఖండపు పడమటి తీరంలో సరుకు ఒడ్డున పరిచి, ఓడలెక్కి పొగ పెట్టేవారట. అది చూసి అక్కడి జనం వచ్చి, సరుకు పక్కన బంగారం పెట్టి దూరంగా వెళ్లేవారు. వర్తకులు దిగి చూసి, చాలనుకుంటే బంగారం తీసుకుని వెళ్లిపోవడం, చాలకపోతే మళ్లీ ఓడెక్కి కూర్చోవడం. అవతలివాళ్లు ఇంకొంచెం పెట్టేవారు. ఒకరినొకరు ముట్టుకోలేదు, పలకరించుకోలేదు, మోసమూ చేసుకోలేదు. నాకిది చాలా గొప్ప విషయంగా కనిపిస్తుంది. భాష తెలియదు, నమ్మకం లేదు, అయినా కొట్టుకోకుండా ఇద్దరికీ కావలసింది దొరికింది. మార్కెట్‌ని తిట్టేవాళ్లు ఈ సుఖాన్ని మర్చిపోతారు. కూరగాయలు అమ్మే మనిషి కష్టసుఖాలన్నీ పంచుకుంటే తప్ప కూరగాయలు దొరకవంటే మనకెంత టెన్షన్!

కానుక సరిగ్గా దీనికి ఎదురు. లెక్క తెరిచి ఉంచడానికే అది పుట్టింది. ఆఫ్రికాలోని కలహారీ ఎడారిలో సాన్ వేటగాళ్ల మధ్య 1970ల్లో పనిచేసిన మానవశాస్త్రవేత్త పాలీ వీస్నర్ దీన్ని బాగా పట్టుకుంది. నిప్పుకోడి గుడ్డు పెంకుతో చేసిన పూసలు, బాణాలు, దుస్తులు వాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి. భాగస్వాముల్లో కొందరు చాలా దూరంలో, వేరే గుంపుల్లో ఉంటారు. ఇచ్చినదానికి బదులు ఏడాది తర్వాత రావచ్చు, ఇంకా ఆలస్యం కావచ్చు, ఎవరూ తొందరపెట్టరు. తమ ప్రాంతంలో వానలు పడక, వేట దొరక్క కష్టమొస్తే మాత్రం ఆ దూరపు భాగస్వామి దగ్గరికి వెళ్లి, అక్కడి నీళ్లూ తిండీ పంచుకుంటూ నెలల తరబడి ఉండొచ్చు. పూసల దండ చిన్నది, దానివల్ల వచ్చిన ఈ హక్కు పెద్దది. అలాంటిచోట ఎవరైనా దండ అందుకున్న మరుక్షణం అంతే విలువైన దండ చేతిలో పెడితే, రేపు మనిద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ఉండదని చెప్పినట్టే.

మీ కవరు చెప్పిందీ అదే. మీరు డబ్బు ఇవ్వడం ఒక్కటే అయితే ఆవిడ అంతగా నొచ్చుకునేవారు కాదేమో. సరిగ్గా డే కేర్ రేటుకి, నాలుగు నెలలకి, పైసా తేడా లేకుండా ఇచ్చారు. ఇక చెల్లుకు చెల్లు, మనకీ మీకూ ఏమీ లేదు అన్నట్టయింది. ఆవిడ అప్పటిదాకా పక్కింటి మనిషి. మీ కవరు తెరిచి చూసుకున్నాక, జీతం అందుకుని పని మానిపించుకున్న మనిషి. పాపను త్వరగా ఇంటికి పంపేయడంలో నాకు కోపం కన్నా మొహమాటమే కనిపిస్తోంది: ఇప్పుడు తన దగ్గర ఉంచుకుంటే దానికీ మీరు గంటలు లెక్కేస్తారేమోనని.

ఒక్కోచోట థాంక్స్ చెప్పినా నొచ్చుకుంటారు. పీటర్ ఫ్రాయిఖెన్ అనే డెన్మార్క్ యాత్రికుడు గ్రీన్‌లాండ్ మంచు ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్‌ల మధ్య చాలా ఏళ్లు బతికాడు. ఒకరోజు వాల్రస్ వేటలో ఏమీ దొరక్క ఇంటికొస్తే, వేట దొరికినవాడొకడు బోలెడంత మాంసం వాకిట్లో పడేసి ఉన్నాడు. ఈయన పొంగిపోయి పదే పదే కృతజ్ఞతలు చెప్పబోతే అతను విసుక్కున్నాడట. మేము మనుషులం కాబట్టి ఒకరికొకరం సాయం చేసుకుంటాం, దానికి థాంక్స్ దేనికి, ఇవాళ నాకు దొరికింది రేపు నీకు దొరకవచ్చు. కొరడాతో కుక్కలు తయారైనట్టు కానుకలతో బానిసలు తయారవుతారు అని అతని మాటల సారాంశం. మీ పక్కింటావిడ కూడా ఇదే కోవకు చెందినవారు కావచ్చు. అలాంటి మనిషికి రసీదు చింపి ఇచ్చినట్టయింది మీ పని.

అయితే ఆ ఇన్యూట్ వేటగాడి మాటలో బానిసలన్న ముక్కను తేలిగ్గా తీసుకోకండి. కానుకల లోకం అంత చల్లగా ఏమీ ఉండదు. పాపువా న్యూగినీ కొండల్లో మౌంట్ హాగెన్ దగ్గర ‘మోకా’ అనే కానుకల పద్ధతి ఉంది. అందులో పుచ్చుకున్నదానికన్నా ఎక్కువ తిరిగివ్వాలి. ఓంకా అనే నాయకుడు ఏళ్ల తరబడి కూడబెట్టి, 1970ల్లో 600 పందుల్ని ఒక్కసారి ఇంకో తెగకి ఇచ్చాడు. దాన్ని చిత్రీకరించిన డాక్యుమెంటరీ కూడా ఉంది. ఇచ్చి అవతలివాళ్లని పడగొట్టడమే అందులో గెలుపు. కెనడా పడమటి తీరంలో క్వాక్వకావాక్ అనే ఆదివాసుల నాయకులు పాట్‌లాచ్ విందుల్లో గుట్టలుగా దుప్పట్లు పంచి, ఒకరినొకరు మించిపోవాలని చూసేవాళ్లు. అక్కడి ప్రభుత్వం దాన్ని వృథా ఖర్చుగా, అనాగరికంగా చూసి 1885 నుంచి 1951 దాకా నిషేధించింది, మనుషుల్ని జైలుకీ పంపింది. ఆ నిషేధం దుర్మార్గం. కానీ పంచడం వెనక ఉన్నది ప్రేమ ఒక్కటేనని దాన్నిబట్టి అనలేం.

మోకాలో ఇంకో సంగతి మీ విషయానికి మరీ దగ్గర. ఆ పందుల్ని రోజూ మేపి, సాకి పెంచేది ఆడవాళ్లు. ఇచ్చి పేరు తెచ్చుకునేది మగవాళ్లు. మెరిలిన్ స్ట్రాథర్న్ అనే మానవశాస్త్రవేత్త 1970ల మొదట్లోనే దీన్ని ఎత్తి చూపింది. ఆప్యాయత పేరు మీద, బంధం పేరు మీద ఆడవాళ్ల చాకిరీని లెక్కలోకి రాకుండా చేయడం అన్నిచోట్లా ఉన్నదే. అందుకే మీరు రేటు కనుక్కోవడం నాకు నీచంగా అనిపించలేదు. నాలుగు నెలలు రోజూ ఓ పసిపిల్లను చూసుకోవడం పనే, దానికి విలువుందని మీకు తట్టింది. ‘ఆవిడకేం పోయింది, ఎలాగూ ఇంట్లోనే ఉంటారుగా’ అనుకునే వాళ్లకన్నా మీరు నయం. మొదటిరోజే ‘ఇంతిస్తాం, చూసుకుంటారా’ అని అడిగి ఉంటే ఆవిడ ఒప్పుకునేవారో లేదో గానీ అవమానం మాత్రం ఉండేది కాదు. మీరు చేసిన పొరపాటల్లా సాయంగా పుచ్చుకున్నదాన్ని అంతా అయిపోయాక కొనుగోలుగా మార్చడం.

ఇలా మార్చాక వెనక్కి తీసుకురావడం సులువు కాదు, దానికి ఉదాహరణ కూడా పిల్లల డే కేర్‌లదే. ఇజ్రాయెల్‌లో హైఫా నగరంలో పది డే కేర్‌ల మీద ఊరి నీజీ, ఆల్డో రుస్టికీని అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2000లో అచ్చయింది. పిల్లల్ని తీసుకెళ్లడానికి కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని ఆరు కేంద్రాల్లో జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ‘పాపం టీచర్ ఎదురుచూస్తుంటుంది’ అన్న జంకు ఉండేది, జరిమానా వచ్చాక ‘డబ్బు కడుతున్నాంగా’ అన్న ధీమా వచ్చింది. కొన్ని వారాల తర్వాత జరిమానా ఎత్తేశారు. అయినా ఆలస్యాలు మునుపటి స్థాయికి దిగలేదు. ఒకసారి రేటు కనిపించాక, రేటు తీసేసినా పాత జంకు తిరిగి రాలేదు.

కాబట్టి మీరు చేయకూడని పని ముందు చెప్తాను. ఆ కవరు మళ్లీ పట్టుకెళ్లకండి. అందులో డబ్బుతో ఓ ఖరీదైన వస్తువు కొని ఇద్దామనీ అనుకోకండి, అది కాగితం చుట్టిన కవరే. ఆవిడ దాని ధర ఊహించుకుంటారు, అది మీరిచ్చిన మొత్తానికి దగ్గరగా ఉందని గ్రహిస్తారు, అక్కడికి మళ్లీ మొదటికే వస్తారు.

ఈ వారంలోనే ఒకసారి వెళ్లండి, ఉత్త చేతులతో. ఫోన్‌లో మెసేజ్ పెట్టడం కాదు, మనిషి వెళ్లాలి. ‘ఊరికే చేయించుకున్నామన్న మొహమాటంతో అలా చేశాను. మీ సాయానికి రేటు కట్టాలని కాదు. నొప్పించి ఉంటే ఏమనుకోకండి’ అని, అంతటితో ఆపండి. అక్కడ మీరు కూలా గురించీ మోస్ గురించీ మొదలుపెడితే పని చెడుతుంది. ఆవిడ ‘అయ్యో, అదేం లేదండీ’ అంటారు. ఆ మాట నమ్మకండి, కాదని వాదించకండి కూడా. వేరే మాటల్లోకి వెళ్లండి.

ఆ తర్వాత చేయవలసింది మీకు వింతగా అనిపిస్తుంది: ఆవిడని ఇంకో సాయం అడగండి. చిన్నదే. ఓ గంట తాళాలు ఉంచుకోమనడం, మీరు లేనప్పుడు వచ్చే పార్సిల్ తీసి పెట్టమనడం, లేదా పాపకి ఆవిడ నేర్పిన ఆటో పాటో మళ్లీ చూపించమనడం. ఇప్పుడు ఆవిడకి కావలసింది మీ నుంచి డబ్బు కాదు, లెక్క ఇంకా తెరిచే ఉందన్న సూచన. అడగడం అంటే తిరిగి బాకీ పడడం. బాకీ పడడానికి సిద్ధపడ్డారంటే ఆవిడని మీ మనిషి అనుకున్నట్టు. చాలామంది ఎదుటివాళ్లకి ఇవ్వడానికి వెనకాడరు, అడగడానికే చచ్చేంత సిగ్గుపడతారు. మీ ఉత్తరం చదివితే మీరూ ఆ రకమేనని అనిపించింది.

మరి మీ వంతు? అది నెమ్మదిగా రానివ్వండి. ఆవిడకి ఒంట్లో బాగాలేనప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఆన్‌లైన్‌లో ఆవిడ నింపుకోలేని దరఖాస్తు ఏదైనా ఉంటే కూర్చుని నింపి పెట్టడం, ఆవిడ ఊరెళ్తే ఇల్లు కనిపెట్టుకుని ఉండడం. అవి నాలుగు నెలల పిల్ల సంరక్షణకి సమానమా అని లెక్కేసుకోకండి. సమానం కాకపోవడమే మంచిది. నైజీరియాలోని టివ్ జనంలో తిండిగింజలు ఒక వరసకీ, ఇత్తడి కడ్డీలూ పశువులూ ఇంకో వరసకీ చెందేవని, ఒక వరసలోనిదిచ్చి ఇంకో వరసలోనిది తెచ్చుకోవడం మామూలు సంగతి కాదని మానవశాస్త్రవేత్త పాల్ బొహానన్ 1950ల్లో రాశాడు. డబ్బు వచ్చి అన్ని వరసల్నీ ఒకే కొలతలోకి తెచ్చింది. అది చాలా వాటికి సౌకర్యమే. మీ రెండిళ్ల మధ్య మాత్రం ఆ కొలత బయటపెట్టకండి.

ఇక అసలు అవసరం మాటేమిటి? పాపను రోజూ చూసుకునే మనిషి మీకు ఇప్పటికీ కావాలనుకోండి, దానికి డబ్బిచ్చి ఎవరినైనా పెట్టుకోండి, లేదా డే కేర్‌లో చేర్చండి. ఏడాది పొడుగునా, రోజూ, ఫలానా వేళకి జరగాల్సిన పనిని సాయం మీద నడిపితే ఎంతటి మంచి పొరుగైనా అలిసిపోతారు. ఆలస్యమైతే అడగలేరు, కుదరని రోజున చెప్పలేరు. ఆ బరువు మోయడానికి జీతమే సరైన ఏర్పాటు. ఆవిడకి పక్కింటి మనిషి చోటు అలాగే ఉంచండి.

ఒకటి మాత్రం గమనించండి. ఆవిడకి నిజంగానే డబ్బు అవసరం ఉండి, అభిమానంకొద్దీ కవరు తిరిగిచ్చి ఉండొచ్చు. అలాంటి సూచనలు మీకు ముందే కనిపించి ఉంటే, సంబంధం కాస్త కుదుటపడ్డాక, ఓ రెండు మూడు నెలలాగి సూటిగా అడగండి: ‘వచ్చే ఏడాది పాపను చూసుకోవడానికి ఓ మనిషిని పెట్టుకుందామనుకుంటున్నాం, ఎవరికో ఇచ్చేది మీకే ఇస్తాం, మీకు వీలవుతుందా?’ అని. వద్దంటే అక్కడితో వదిలేయండి. సరేనంటే వేళలు, సెలవులు అన్నీ ముందే మాట్లాడుకోండి, ఎంతన్నది ఆవిడనే చెప్పమనండి. ఆవిడ తక్కువ చెప్తే మీరు కాస్త పెంచండి, ఎక్కువ చెప్తే బేరమాడకండి. ఈ మాటలు పాప ముందు మాత్రం వద్దు.